శబ్దమా, అర్థమా: పద్యానికి ఏ అలంకారం మేలు?

పదో తరగతి తెలుగు పరీక్షలో అలంకారం గుర్తించమనే ప్రశ్న ఉంటుంది. లక్షణం రాసి, సమన్వయం చేస్తే మార్కులు పడతాయి. చాలామందికి అలంకారాలతో పరిచయం అక్కడితో సరి. ఏది దేనికి పనికొస్తుంది, చప్పుడుతో పనిచేసే శబ్దాలంకారం, భావంతో పనిచేసే అర్థాలంకారం, ఈ రెంటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే దేన్ని ఎంచుకోవాలి అన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఈ తగువు తెలుగులో ఇవాళ్టిది కాదు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టిన నన్నయ అవతారికలోనే, అంటే పీఠికలోనే, అన్నాడు:

సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో
నారసి మేలు నా, నితరు లక్షరరమ్యత నాదరింప...

కవీంద్రులు లోపలికి తొంగిచూసి అర్థయుక్తికి 'మేలు' అంటారట. తక్కినవాళ్లు అక్షరాల అందం చూసి ఆదరిస్తారట. ఇద్దరినీ మెప్పిస్తానని ఆయన ధీమా, మెప్పించాడు కూడా. కానీ ఆ 'ఇతరులు' అన్నచోట నాకు కాస్త చిన్నచూపు వినిపిస్తుంది, చెవితో వినేవాడు ఓ మెట్టు కిందివాడన్నట్టు. నాకు పేచీ అక్కడే.

ముందు శబ్దాలంకారాల సంగతి చూద్దాం. వృత్త్యనుప్రాస, ఛేకానుప్రాస, లాటానుప్రాస, యమకం... పేర్లు పెద్దవి కానీ పని ఒకటే: వినిపించిన ధ్వనిని మళ్లీ వినిపించడం. దీన్ని ఎవరు ఎక్కడ వాడినా గొప్పే అనడానికి లేదు. పోతన గజేంద్రమోక్షంలో ఏం చేశాడో చూడండి. ఏనుగు మొర విని విష్ణువు ఉన్నపళాన బయల్దేరాడు. లక్ష్మికి చెప్పలేదు, చేతిలో ఉన్న ఆమె పైటకొంగూ వదల్లేదు. ఆవిడ వెనకాలే వెళ్తోంది:

అడిగెద నని కడువడి జను
నడిగిన దను మగుడ నుడువ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

చిన్న కందంలో 'డ' ఇరవైసార్లకు పైగా వస్తుంది. పైకి చదివితే నాలుక తడబడుతుంది, పద్యంలో తడబడేది లక్ష్మి అడుగు. అడుగుదామని రెండడుగులు వేయడం, అడిగినా బదులు రాదని ఆగిపోవడం, మళ్లీ కదలడం. ఇదంతా అక్షరాలే చేస్తున్నాయి. దీనికి తాత్పర్యం రాసి చూడండి: 'అడగాలని వేగంగా వెళ్తుంది, బదులివ్వడని ఆగుతుంది, తొట్రుపాటుతో అడుగు వేస్తుంది, వేయదు.' తప్పేమీ లేదు, పద్యం మాత్రం మిగల్లేదు. ధ్వని తీసేస్తే ఇక్కడ చేతికి వచ్చేది సమాచారమే.

అదే పోతన నరకాసుర వధలో ఇంకో పని చేశాడు. యుద్ధానికి సిద్ధమైన సత్యభామతో కృష్ణుడు అంటున్నాడు:

లేమా! దనుజుల గెలువగ
లేమా? నీవేల కడగి లేచితి? విటు రా
లే మాను మాన వేనిన్
లే మా విల్లందుకొనుము లీలం గేలన్

నాలుగు పాదాలూ 'లేమా'తోనే మొదలు. మొదటిది ఓ యువతీ అనే పిలుపు. రెండోది రాక్షసుల్ని మేం గెలవలేమా అనే ప్రశ్న. మూడోది లే, మాను అనే బతిమాలాట. నాలుగోది లే, మా విల్లు పట్టుకో అనే ఒప్పుకోలు. కందానికి ఎలాగూ ప్రాస తప్పదు, రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ కలవాల్సిందే. పోతన ఆ నియమాన్నే యమకంగా, అంటే అవే అక్షరాలు వేరే అర్థంతో తిరిగి రావడంగా, మార్చుకున్నాడు. యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం కుదరడం) చూసుకున్నా రెండో పాదంలో లే-లే, నాలుగో పాదంలో లే-లీ. మొగుడు పెళ్లాన్ని పిలిచి, గొప్పలు పోయి, వద్దని, చివరికి సరే కానీ అనడం నాలుగు పాదాల్లో అయిపోయింది. శబ్దాలంకారం పైపై మెరుగు అనేవాళ్లకు నేను ఈ పద్యమే చూపిస్తాను.

ఇంత గట్టి పనిముట్టు కాబట్టే చెడగొట్టుకోవడమూ తేలిక. సినిమా పంచ్ డైలాగుల్లో, ఎన్నికల నినాదాల్లో ప్రాస కోసం ప్రాస వేసిన మాటలు రోజూ వింటున్నాం. చప్పట్లు పడతాయి, ఇంటికెళ్లాక వాళ్లు ఏమన్నారో గుర్తురాదు. పాత కవులూ తక్కువ తినలేదు. పెదవులు తగిలే అక్షరాలు లేకుండా నిరోష్ఠ్య కావ్యాలు, పద్యాన్ని బొమ్మలో ఇరికించే బంధాలు రాశారు. కష్టపడ్డారని ఒప్పుకుంటాను. మళ్లీ చదవాలని మాత్రం అనిపించదు.

ఇక అర్థాలంకారాలు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, దృష్టాంతం, అర్థాంతరన్యాసం, ఇలా జాబితా చాలా పొడుగు. వీటి బలం వేమన దగ్గర బాగా తెలుస్తుంది. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒకటే, నాలుక మీద వేసుకుంటేనే తేడా. మనుషుల్లో పుణ్యపురుషులూ అంతే. ఈ దృష్టాంతాన్ని ఏ భాషలోకి తీసుకెళ్లినా చెక్కుచెదరదు. సి.పి. బ్రౌన్ 1829లోనే వేమన పద్యాల్ని ఇంగ్లీషు చేసి అచ్చు వేయించగలిగాడంటే ఇలాంటి పోలికలు పద్యాల్ని మోశాయి కనకే. లేమా పద్యాన్ని అలా మోసుకెళ్లమనండి చూద్దాం!

అయితే వేమన కూడా చెవిని వదల్లేదు. 'చూడ చూడ రుచుల జాడ వేరు' అన్న పాదంలో యతి స్థానంలో ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలపడం: చూడ, జాడ. పోలిక కళ్లముందు నిలబడుతుంది, చూడ-జాడ నోట్లో ఆడుతుంది. చదువు రానివాళ్ల నోళ్లలోనూ ఆ పద్యం బతకడానికి రెండో దానిదీ అంతే వాటా.

అర్థాలంకారాలకు పట్టే జబ్బు వేరు, అరిగిపోవడం. ముఖం చంద్రబింబం, కళ్లు కలువలు, నడక హంసది. మొదటివాడు అన్నప్పుడు ఒళ్లు పులకరించి ఉంటుంది. వెయ్యోవాడు అన్నప్పుడు మనం ఆ మాట దాటేసి చదువుతాం. ఇవాళ్టి కవితల్లో కన్నీటి సముద్రాలు, జ్ఞాపకాల పూలతోటలు, మౌనపు గోడలు ఆ పద్ధతిలోనే అరిగాయి. చెడ్డ ప్రాస అయితే చెవిలో గరగరలాడి దొరికిపోతుంది. అరిగిన రూపకం చప్పుడు చేయదు, కవిత అనే పేరు పెట్టుకుని దర్జాగా కూర్చుంటుంది. అందుకే అది ఎక్కువ ప్రమాదకరమని నా లెక్క.

రెండూ కలిసిన చోటు కావాలంటే ప్రహ్లాదుడి నోట పోతన పలికించిన సీస పద్యం ఉంది. 'మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు' అన్న పాదానికి తాత్పర్యం చెప్పినా, మందారపు తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్తపూల దగ్గరికి పోతుందా అన్న ప్రశ్న బలంగానే నిలుస్తుంది. పోయేది ఆ మకారాల వరస, దానితోపాటు తుమ్మెద మత్తు. పెద్దన 'అటజని కాంచె' పద్యంలో 'అభంగ తరంగ మృదంగ' అని ఒక ముక్క వస్తుంది. అలలే మృదంగాలు అని రూపకం. ఆ మృదంగం మోగేది మాత్రం 'ంగ' మూడుసార్లు పడ్డచోట. సమాసం విడదీసి అర్థం చెప్పలేనివాళ్లు కూడా ఆ పద్యాన్ని గొంతెత్తి చదువుతారంటే ఊరికే కాదు.

మూడో దారి ఒకటుంది, ఏ అర్థాలంకారమూ లేకపోవడం. 'అప్పిచ్చువాడు వైద్యుడు' పద్యంలో పోలిక అన్నదే లేదు. అప్పు పుట్టని, వైద్యుడు లేని, ఏరు పారని ఊళ్లో ఉండొద్దని సూటిగా చెప్పి ఊరుకున్నాడు సుమతీ శతకకర్త. అప్పి, ఎప్పు, చొప్ప, చొప్ప. ఆ ద్విత్వ పకారం ఒక్కటే దాన్ని ఇన్ని తరాలు మోసింది.

మరి ఏది మేలు? నా తీర్పు రాసేవాణ్ని బట్టి మారుతుంది. ఛందస్సులో రాసేవాడికి యతి, ప్రాస ముందే వచ్చి కూర్చున్నాయి. సంస్కృత శ్లోకానికి రెండో అక్షరం ప్రాస నియమం లేదు, మన కందానికీ వృత్తాలకూ ఉంది. అంటే చెవికి దక్కాల్సింది చాలావరకు నియమమే ఇచ్చేస్తోంది. దాని మీద ఇంకా అనుప్రాస పేర్చాలంటే లక్ష్మి తడబాటు లాంటి పని ఒకటి ఉండాలి. అది లేనప్పుడు బుర్రని కొత్త పోలిక మీద పెట్టడమే మేలు. నన్నయ చెప్పిన కవీంద్రుల పక్షాన ఈ మేరకు నేనూ చేరతాను.

వచన కవిత రాసేవాడికి నేను చెప్పేది దీనికి తలకిందులు. అతను గణాలు వదిలేశాడు, యతి ప్రాసలు వదిలేశాడు. చేతిలో మిగిలింది రూపకమే, కాబట్టి దాన్నే ఎడాపెడా వాడతాడు. పేజీ మీద బాగానే ఉంటుంది. కవి సమ్మేళనంలో మైకు ముందు చదివితే మూడో చరణానికి శ్రోతలు ఫోన్లు తీస్తారు. అతను వెతుక్కోవాల్సింది ధ్వని. లెక్కపెట్టి వేసే అంత్యప్రాస అక్కర్లేదు. ఒక హల్లు సరైన చోట తిరిగి వస్తే చాలు, ఒక పొడుగు వాక్యం తర్వాత రెండు ముక్కల వాక్యం పడినా చాలు.

అందుకు గురువు కావాలంటే సామెతలే ఉన్నాయి. 'కూటి కోసం కోటి విద్యలు.' ఇందులో ఉపమానం లేదు, ఉత్ప్రేక్ష లేదు. కూటి, కోటి అని ఒక్క అచ్చు మారింది. ముద్ద అన్నానికీ కోటి అనే లెక్కకీ మధ్య ఉన్న దూరమంతా ఆ ఒక్క మార్పులో పట్టింది. ఆకలి మీద నేను చదివిన రూపకాల్లో చాలావాటి కంటే ఇది ముందుంటుంది.