బెంగళూరు – నంది – లేపాక్షి సైకిల్ రైడ్: ఏ రోడ్డు బాగుంది, ఎక్కడ ఉండాలి, స్టీల్ బైకు ఎలా ఉంది

బెంగళూరు నుంచి లేపాక్షికి సైకిళ్ల మీద వెళ్దామనుకునేవాళ్లకి ముందే ఒక మాట. పోయేటప్పుడు హైవే పట్టుకున్నా పర్లేదు గానీ వచ్చేటప్పుడు మాత్రం హిందూపురం, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం రూట్‌లోనే రండి, గ్రూప్ రైడింగ్ మజా అంతా ఆ రోడ్డులోనే ఉంది. మేం ఆగస్టులో లాంగ్ వీకెండ్ చూసుకుని వెళ్లాం. అందరం మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగోళ్లమే, ఎక్కువమందివి కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ సైకిళ్లు (మేం బైకులు అనేది వీటినే), నాదీ మా గ్రూప్‌లో పెద్దన్నదీ మాత్రం కొలతలిచ్చి చేయించుకున్న కస్టమ్ స్టీల్.

స్టీల్ అనగానే మన నాన్నల కాలం నాటి బరువు సైకిళ్లు గుర్తొస్తాయి కానీ ఇవి వేరే. నా ఫ్రేమ్‌కి వాడింది ఇటలీలో సైకిల్ ట్యూబులు చేసే కొలంబస్ కంపెనీ వాళ్ల స్పిరిట్ ట్యూబులు, జాయింట్ల దగ్గర మందం 0.5 మిల్లీమీటర్లు, మధ్యలో 0.38 మాత్రమే, వేలుతో కొడితే ఖంగుమంటుంది. చివర్లు మందంగా మధ్యలో పల్చగా ట్యూబు చేసే ఈ పద్ధతికి ఇంగ్లండ్‌లో రెనాల్డ్స్ 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టింది కూడా స్టీల్ బైకు మీదే. మంచి కార్బన్ ఫ్రేమ్‌తో పోలిస్తే బరువు ఎక్కువే, ఆ మాట నేనే ఒప్పుకుంటా, కానీ కొలతలు నావి కదా. నాకు కాళ్లు పొడుగు, నడుం పొట్టి, షాపులో ఏ సైజు తీసుకున్నా హ్యాండిల్ దూరంగానే ఉండేది, దాన్ని దగ్గరికి తేవడానికి పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) వేస్తే ముందు చక్రం ఊరికే అటూ ఇటూ పోయేది. ఫ్రేమ్ చేసే బిల్డర్ నా కొలతలన్నీ తీసుకుని సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే టాప్ ట్యూబ్ పొడవు తగ్గించి, హెడ్ యాంగిల్, అంటే ముందు ఫోర్కు వాలు, రేస్ బైకుకి ఉండాల్సినట్టే ఉంచి గీసిచ్చాడు, అప్పట్నుంచి చెయ్యి కదపకుండానే సైకిల్ గీత గీసినట్టు పోతుంది.

ఆ తేడా గ్రూప్‌లోనే తెలుస్తుంది. ముందు వాడి వెనక చక్రానికి, మన ముందు చక్రానికి మధ్య జానెడు ఖాళీ పెట్టుకుని గంటకి 35 స్పీడులో పోతుంటే మనం కాస్త వంకర పోయినా వెనకున్నవాళ్లంతా బ్రేకులు పట్టాలి. గాలిని ముందున్నవాడే కోసుకుంటూ పోతాడు కాబట్టి వెనక ఉన్నవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది, అందుకే ఒకరు కాసేపు లాగి పక్కకి జరిగి వెనక్కి వచ్చేస్తారు, రెండోవాడు ముందుకొస్తాడు. మావాళ్లంతా "గుంత!", "హంపు!", "లారీ వెనకాల!" అని తెలుగులోనే అరుస్తారు, ఆ కేక ముందు నుంచి చివరిదాకా ఒక్కొక్కరి నోట్లోంచి పాకుతూ వస్తుంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్కటే రిక్వెస్ట్, పక్కపక్కన తొక్కేటప్పుడు మీ చక్రం పక్కవాడి చక్రం కంటే సగం ముందుకి పెట్టకండి, వాడు స్పీడు పెంచుతాడు, మళ్లీ మీరు పెంచుతారు, పది నిమిషాల్లో గ్రూపంతా చెల్లాచెదురు.

ఇక రూట్. హెబ్బాళ నుంచి దేవనహళ్లి దాకా ఎయిర్‌పోర్టు ట్యాక్సీల మధ్య ఒకరి వెనక ఒకరు పోవడమే, అక్కడ చెప్పడానికేం లేదు. రాణి క్రాస్ దగ్గర ఎడమకి తిరిగాక ఊపిరి ఆడుతుంది. నంది కొండ 1,478 మీటర్లు, పైకి వెళ్లేకొద్దీ మలుపులు బిగుస్తాయి, చివరి భాగం తొడలు మండించేస్తుంది. ఎక్కడం అద్భుతం, కానీ సెలవు రోజుల్లో కార్లు, మోటార్‌సైకిళ్ల రద్దీలో దిగడం మాత్రం నాకు నచ్చదు, బ్రేకుల మీద చెయ్యి తీయలేం. పైన కర్ణాటక టూరిజం (కేఎస్‌టీడీసీ) వాళ్ల హోటల్ మయూర పైన్ టాప్ ఉంది, కుటుంబంతో వచ్చి చల్లగా గడపడానికి బాగుంటుంది, మాలాగా పొద్దున్నే ఎక్కి వెంటనే దిగేవాళ్లకి అక్కర్లేదు. దానికంటే కింద నంది ఊళ్లో భోగనందీశ్వరుడి గుడి కోనేరు మెట్ల మీద కాసేపు కూర్చోండి. పక్కనే ముద్దేనహళ్లి, విశ్వేశ్వరయ్యగారి ఊరు, వాళ్ల ఇంటి మాట తెలుగే, పూర్వీకులు మన ఆంధ్రాలోని మోక్షగుండం వాళ్లు.

చిక్కబళ్లాపురం దాటాక టీ కొట్టు దగ్గర ఆగితే ఒక పెద్దాయన నా ఫ్రేమ్ తట్టి చూసి "యాడ చేపిచ్చినావప్పా దీన్ని, ఇనుమేనా?" అన్నాడు. కర్ణాటకలోనే ఉన్నాం, అయినా బాగేపల్లి దాకా ఎక్కడ ఆగినా తెలుగే. హైవేకి షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) వెడల్పుగా ఉంది గానీ పగిలిన టైర్ల తీగముక్కలు పడి ఉంటాయి, ఆ సన్న తీగ ఒక్కటి గుచ్చుకుంటే చాలు, మాకు పంక్చర్లన్నీ అక్కడే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరిగితే వేరుశనగ చేల మధ్య సన్న రోడ్డు, లేపాక్షి నంది కనపడేదాకా ఇద్దరిద్దరం కబుర్లు చెప్పుకుంటూ తొక్కాం.

స్టే విషయం జాగ్రత్తగా చెప్తా. లేపాక్షిలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, గుడికి దగ్గర, సింపుల్‌గా ఉంటుంది. మేం దిగిన రోజు సైకిళ్లు లోపల పెట్టుకుంటాం అంటే కాదనలేదు, రాత్రి కడుక్కోవడానికి నీళ్ల పైపు కూడా ఇచ్చారు. హిందూపురంలో రూములు ఎక్కువ దొరుకుతాయి, మావాళ్లు కొందరు అక్కడే అడ్వాన్స్ కట్టారు, తీరా వెళ్తే సైకిళ్లు బయట రోడ్డు మీదే పెట్టాలన్నాడు ఆ లాడ్జి మేనేజరు, డబ్బులు వదులుకుని వెనక్కి వచ్చేశారు. లక్షల ఖరీదు బైకులు, బుక్ చేసేముందు ఫోన్‌లో ఈ ఒక్క ముక్క అడగండి. పొద్దున హిందూపురంలో ఉగ్గాని బజ్జీ తినకుండా మాత్రం కదలొద్దు, పొట్ట బరువెక్కదు, మధ్యాహ్నం దాకా ఆగుతుంది.

గుడికి ఎండ ఎక్కకముందే వెళ్లండి, చెప్పులు విడిచాక బండలు కాలతాయి. విజయనగర కాలం, పదహారో శతాబ్దం గుడి, అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి వచ్చేస్తారు గానీ మీరు తలెత్తి పైకప్పు బొమ్మల్లో చీరల అంచులు చూడండి, ఒకదానిలాంటి డిజైన్ ఇంకోదానికి లేదు అనిపిస్తుంది.

వచ్చే దారి. ట్రాఫిక్ తక్కువ, రోడ్డు నున్నగా కొంచెం ఎత్తుపల్లాలతో పోతుంది, ఆగస్టు కాబట్టి నైరుతి గాలి కుడి పక్క నుంచి ఎదురు కొట్టింది, ఒకరి వెనక ఒకరు సూటిగా కాకుండా ఏటవాలుగా నిలబడి తొక్కితే తప్ప కుదరదు, ముందున్నవాడికి ఎడమ పక్కన కొంచెం వెనగ్గా చేరాలి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట్లే చేశాం. అలా గంటసేపు ఎవరూ మాట్లాడకుండా చక్రం తిరిగినట్టు మారుకుంటూ పోయాం, నేను సైకిల్ తొక్కేదే ఆ గంట కోసం. విదురాశ్వత్థంలో ఆగాం, 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు ఇది, స్మారకం ఉంది, తప్పకుండా లోపలికి వెళ్లండి.

సర్వీస్ సంగతి, చిక్కబళ్లాపురం దాటితే రేస్ బైకు ట్యూబు గానీ సన్న వాల్వు పంపు గానీ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి, అన్నీ మోసుకెళ్లాలి. గౌరీబిదనూరు దగ్గర పెద్దన్న బైకు పడి గేర్ హ్యాంగర్ (వెనక గేరు వేలాడే కొక్కెం) వంగింది, ఆయన పాతకాలం పద్ధతిలో హ్యాంగర్ ఫ్రేమ్‌తో కలిపే చేయించుకున్నాడు, స్టీల్ కాబట్టి మెల్లగా పట్టి సరిచేస్తే నిలబడింది, కార్బన్ వాళ్లు మాత్రం స్పేర్ హ్యాంగర్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఎవరైనా వెల్డింగ్ షాపుకి తీసుకెళ్దాం అంటే వినకండి, 0.38 ట్యూబుకి మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు పడుతుంది, బెంగళూరు తెచ్చి బిల్డర్‌కే ఇవ్వాలి. దొడ్డబళ్లాపురం దాటాక సాయంత్రం లారీలు పెరుగుతాయి, నాలుగు లోపు యలహంక చేరేలా బయల్దేరండి.