టమోటా టోపీ ఆయన దగ్గర ‘ఫోకస్ సెటప్’ చేయించుకోబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు. రీల్స్‌లో ఎర్ర టోపీ పెట్టుకుని, చేతిలో టమోటా పట్టుకుని "మీ మనసుకు గొళ్ళెం పెడతా" అంటుంటాడే, ఆయనే. తిరుపతిలో ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకునేవాళ్ళకు ఆ రీల్ ఒక్కసారైనా తగిలే ఉంటుంది. నా మనసుకు పెట్టాడో లేదో గానీ, నా కంప్యూటర్‌కు మాత్రం బాగానే పెట్టాడు గొళ్ళెం. అదీ నిన్న, ఇరవయ్యో తారీకు రాత్రి. అకౌంట్లు రాసేవాళ్ళకు ఆ తారీకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

నేను ఇంట్లోనే అకౌంట్లు చూస్తాను. చిన్న షాపులు, రెండు లాడ్జీలు, మొత్తం పద్నాలుగు మంది. నెలనెలా జీఎస్టీ పనే: పదకొండుకు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల లెక్క; ఇరవైకి 3బీ, అంటే పన్ను కట్టి వేసే రిటర్ను, దానికి అదే ఆఖరి రోజు; మధ్యలో 2బీతో, అంటే పోర్టల్ చూపించే కొనుగోళ్ళ జాబితాతో, బిల్లులు సరిచూసుకోవడం. ఆ సరిచూసే పని ఉంది చూశారూ, మూడో బిల్లు దగ్గరే చేయి దానంతటదే కొత్త ట్యాబ్ తెరిచేస్తుంది. వంకాయ కూర వీడియోతో మొదలుపెట్టి గంట తర్వాత ముక్కూ మొహం తెలియని వాళ్ళ గృహప్రవేశంలో తేలతాను. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి పని సగం కూడా అయ్యుండదు. ఆ బాధలో, బుద్ధి గడ్డి తిని, మూడు నెలల కింద ఆయనకు మెసేజ్ పెట్టాను. 2,999 రూపాయలు, ‘లైఫ్‌టైమ్’. టైమరు, పని మధ్యలో వేరే సైట్లు తెరుచుకోకుండా బ్రౌజర్‌కు లాకు, గంట క్లాసు.

ఇంటికే వచ్చాడు. డబ్బు కట్టేదాకా నేను "అక్కా". "మీలాంటి వాళ్ళ కోసమే ఇది చేసినా అక్కా", "కాఫీ భలే ఉందక్కా". ఫోన్‌పేలో డబ్బు పడిన మోత వినగానే "మేడమ్" అయిపోయాను. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

లాకు పాస్‌వర్డ్ నాకు ఇవ్వలేదు. "మీకిస్తే మీరే తీసేస్తారు కదా మేడమ్, అందుకే మా దగ్గర పెట్టుకుంటాం. అదే మా స్పెషల్" అన్నాడు. నిజమే కదా అనిపించింది! ఇంటి తాళం దొంగకు ఇచ్చి "నేను లోపలికి రాకుండా చూడు నాయనా" అన్నట్టు తలూపాను. బీరువా తాళం మా ఆయనకే ఇవ్వని మనిషిని నేను.

ఇంకొకటి. ఆయన వచ్చి వెళ్ళిన రోజు నుంచి క్రోమ్ మెనూలో, అడుగున ఒక లైను కనబడేది: ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది అని. నాకు సంస్థ ఏది? వంటింటి పక్కన టేబులు, దాని కింద స్టెబిలైజరు, ఇదే నా సంస్థ. మూడు నెలలు ఆ లైను చూస్తూ, కంప్యూటర్ నన్ను మర్యాదగా పలకరిస్తోందని మురిసిపోయాను.

క్లాసులో చెప్పింది ఇంతే: ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం, అట్లా నాలుగయ్యాక ఒక పావుగంట నుంచి అరగంట. "జపాన్ వాళ్ళ సీక్రెట్ మేడమ్" అన్నాడు. జపాన్ లేదు, గిపాన్ లేదు. ఫ్రాన్సెస్కో సిరిల్లో అని ఇటలీ ఆయన, 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో, టమోటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ముందు పెట్టుకుని చదివాడట. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమోటా. అందుకే ఆ పేరు. నా పుట్టిల్లు పలమనేరు. ధర పడిపోతే టమోటాలు రోడ్డు పక్కన పారబోసి ఖాళీ బుట్టలతో ఇంటికి పోయే రైతులను చూస్తూ పెరిగినదాన్ని. నాకు టమోటా పాఠం చెప్పడానికి ఈయన జపాన్ దాకా పోయాడు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదట్లో బాగానే పనిచేసింది. గంట మోగేదాకా లేవకూడదని పంతం వస్తుంది. కాకపోతే బిల్లులు సరిచూసే పనికి ఇరవై ఐదు నిమిషాలు సరిపోవు. పట్టు దొరికే టైముకు గంట కొడుతుంది, విరామం తీసుకుని వస్తే ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. నేను నలభై ఐదుకు మార్చమని అడిగితే "సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్" అన్నాడు. సరే అని ఊరుకున్నాను. నా ఊరుకోవడాలు లెక్క రాస్తే అదొక లెడ్జరు అవుతుంది.

ఇక నిన్న రాత్రి.

అందరివీ అయిపోయాయి, ఒక లాడ్జీది మిగిలింది. పన్ను చలానా మధ్యాహ్నమే కట్టించాను. అంకెలు సిద్ధం. తొమ్మిదికి ఓనరు ఫోన్ చేశాడు. "అమ్మా, కొండ మీదుండాము. తొమ్మిదిన్నరకు క్యూలోకి పోతాము, ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చేయాల. ఓటీపీ ఏమన్నా కావాలంటే ఈలోపే అడుగమ్మా." "అట్లే అన్నా, ఐదు నిమిషాలు" అన్నాను. నిజంగా ఐదు నిమిషాల పనే. లాగిన్ కావడం, ఫైల్ నొక్కడం, ఆయన ఫోనుకొచ్చిన ఓటీపీ కొట్టడం.

జీఎస్టీ పోర్టల్ తెరిచాను. స్క్రీను నిండా ఎరుపు. మధ్యలో టమోటా, దానికి కళ్ళూ, నవ్వూ. "ఏకాగ్రత కొనసాగుతోంది. 24:59." 24:58. 24:57. మూడు నెలలుగా పోర్టల్ ఈ లాకు లిస్టులోనే లేదు. రీఫ్రెష్ కొడితే మళ్ళీ 25:00 నుంచి మొదలు. మెయిల్ తెరిస్తే టమోటా. బ్యాంకు తెరిస్తే టమోటా. ఇంకో బ్రౌజర్, ఎడ్జ్‌లో పోదామంటే అక్కడా టమోటా. మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో: "మీ ప్లాన్ గడువు ముగిసింది. రెన్యూ చేసుకోండి."

రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్‌కు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మూడోసారి, తొమ్మిదీ పదిహేనుకు ఎత్తాడు. వెనక పళ్ళేల చప్పుడు, మాటలు, ఎక్కడో హోటల్లో ఉన్నట్టున్నాడు.

"ప్లాన్ అయిపోయింది మేడమ్. తొంభై రోజులే."

"లైఫ్‌టైమ్ అన్నారు కదండీ."

"లైఫ్‌టైమ్ టైమరుకు మేడమ్. లాకుకు కాదు."

"సరే, నాకా లాకు వద్దు, తీసేయండి."

"తీయాలంటే కోడ్ కావాలి. కోడ్ రావాలంటే రెన్యూ చేయాలి. 1,499."

ఇది బేరం చేసే టైము కాదని, ఈ రోజు ఇరవై అని, అవతల మనిషి దర్శనానికి పోతున్నాడని, ఆయన ఫోను ఇచ్చేస్తే ఓటీపీ రాదని, నా గొంతు నాకే తెలియకుండా వణుకుతుంటే చెప్పాను. అంతా విన్నాడు. విని అన్నాడు:

"ఏమ్మా, ఇరవయ్యో తారీకు పని ఇరవయ్యో తారీకు రాత్రి దాకా పెట్టుకుంటారా ఎవరైనా? ఫోకస్ లేకపోతే ఇట్లే ఉంటుంది."

వెనక ఎవరో పకపకా నవ్వారు. ఈయనా నవ్వాడు. స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతున్నాడని అప్పుడు తెలిసింది. అక్క, మేడమ్, ఏమ్మా. మూడు నెలల్లో మూడు మెట్లు దిగాను. ఆ నవ్వు ఈ పొద్దు దోసె పోస్తుంటే కూడా చెవిలో వినబడింది, దోసె మాడ్చేశాను.

దీని తర్వాత నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. కట్టేశాను. 1,499. తొమ్మిదీ పంతొమ్మిదికి. మూడు నిమిషాలకు కోడ్ వచ్చింది, ఆరంకెలు. కొట్టాను. "కోడ్ చెల్లదు." మళ్ళీ కొట్టాను, ఒక్కో అంకె పైకి చదువుతూ. "కోడ్ చెల్లదు." టమోటా నవ్వుతూనే ఉంది. ఫోన్ చేస్తే కట్ చేసి మెసేజ్ పెట్టాడు: "సపోర్ట్ టైమింగ్స్ ఉదయం 10 నుంచి సాయంత్రం 6." కింద ఒక టమోటా బొమ్మ.

ఫోన్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. చేశాను, చేయకేం. ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుని, చిన్న చిన్న గళ్ళల్లో వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతూ, క్యాప్చా రెండుసార్లు తప్పి, ఫైల్ బటన్ దాకా వచ్చేసరికి తొమ్మిదీ ముప్పై ఆరు. ఓటీపీ పంపినట్టు చూపించింది. అన్నకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్.

తెల్లవారి నాలుగున్నరకు ఆయనే చేశాడు. అప్పుడు ఫైల్ అయింది. లేట్ ఫీజు రోజుకు 50 రూపాయలు, కేంద్రానికి 25, రాష్ట్రానికి 25. అది నేనే పెట్టుకుంటానన్నాను. ఆయన "పర్లేదులేమ్మా" అన్నాడు. కాసేపు ఆగి, "ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదే ఇట్లా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున మా అక్క కొడుకును పిలిపించాను, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. క్రోమ్‌లో పాలసీ పేజీ తెరిచి చూపించాడు. ఆఫీసుల్లో ఉద్యోగుల కంప్యూటర్లకు కంపెనీ వాళ్ళు పెట్టుకునే పద్ధతిట అది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక లైను రాసి పోతే చాలు, ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము, ఈ లాకు అదే) తీసేసే బటనే మనకు పనిచేయదు. అది స్టోర్‌లో వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది. గడువు ఉందా లేదా అని మాటిమాటికీ వాళ్ళ సర్వర్‌ను అడుగుతోంది. వాడు ఆ లైను చెరిపి, బ్రౌజర్ మూసి తెరిచేసరికి టమోటా మాయం. పది నిమిషాలు కూడా పట్టలేదు. దీనికే రాత్రి నేను కట్టింది పదిహేను వందలకు ఒక్క రూపాయి తక్కువ!

తీసే ముందు దాని పర్మిషన్లు చూపించి, "పిన్నీ, ఎవరిని లోపలికి రానిచ్చినావో చూడు" అన్నాడు. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తం చదవగలదు, మార్చగలదు అని ఉంది. సైట్లు ఆపే ఎక్స్‌టెన్షన్లు చాలావరకు అదే అడుగుతాయట, మనం ఏ సైటు తెరిచామో తెలియకపోతే ఆపలేవు కదా. కానీ అది ఎవరి చేతిలో పెట్టామన్నది ముఖ్యం. నేను పెట్టింది పద్నాలుగు మంది జీఎస్టీ లాగిన్లు టైపు చేసే బ్రౌజర్‌ను, ఫోన్‌లో నవ్వే మనిషి చేతిలో. ఆయన ఏమైనా చదివాడని నేననడం లేదు. చదవలేడన్న ధీమాతో మాత్రం ఇక నిద్రపోలేను.

మీకు చెప్పాల్సింది రెండు ముక్కలు. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండని లాకు ఏదీ పెట్టించుకోవద్దు, అంతగా కావాలంటే ఇంట్లోవాళ్ళ చేత పెట్టించండి. డబ్బు వాళ్ళ సొంత పేరు మీద ఉన్న నంబరుకు కొట్టమంటే ముందు బిల్లు అడగండి. నా దగ్గర బిల్లు లేదు, డబ్బు ముట్టిందని ఆయన మెసేజ్‌లో పెట్టిన బొటనవేలు బొమ్మ ఉంది. దాన్నే స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే ఆయన దగ్గర చేయించుకున్నవాళ్ళు మెనూలో ఆ ‘మీ సంస్థ’ లైను ఉందేమో ఇప్పుడే చూసుకోండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ఉంటుంది, ఇంటి కంప్యూటర్‌లో ఉండాల్సిన పని లేదు.

ఇక టైమరంటారా, విండోస్ 11లో క్లాక్ తెరిస్తే ఫోకస్ సెషన్స్ అని దాంట్లోనే ఉంది, ఫ్రీ, నిమిషాలు మన ఇష్టం. సైట్లు ఆపడానికి లీచ్‌బ్లాక్ అనే ఎక్స్‌టెన్షన్ కూడా ఫ్రీనే. ఇవన్నీ నాకు ఈ పొద్దే తెలిశాయి, 4,498 రూపాయలు వదిలాక.

పొద్దుటి నుంచి పాస్‌వర్డ్‌లు మారుస్తూ కూర్చున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎందుకు మారుస్తున్నానో చెప్పుకోవాలి. తొమ్మిది అయ్యాయి, ఐదున్నాయి. లాడ్జీ అన్నకు ఇంకా చేయలేదు.