జయపురంలో వేటమాంసం రోస్టు: ముందురోజు చెప్పి తినాల్సిన ఇంటి భోజనం

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో బోర్డు లేని ఒక ఇంట్లో, ముందురోజు చెప్పినవారికి మాత్రమే, మేక జబ్బను ముక్కలు చేయకుండా ఎముకతో సహా రోస్టు చేసి కుటుంబమంతటికీ ఒకే పళ్లెంలో వడ్డిస్తారు. వండే ఆవిడ పుట్టిల్లు సాలూరు, మెట్టినిల్లు ఒడియావారిది. అందువల్ల మట్టి హండీ మూతకు పిండి అంటించి, ఆవిరి పోకుండా మాంసం మగ్గించే అత్తవారి పద్ధతీ, ధనియాలు, ఎండుమిర్చి, గసగసాలు వేయించి నూరే పుట్టింటి మసాలా ఆ వంటలో కలిశాయి. సాలూరు ఘాటీ ఎక్కి 26వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే మా బంధువులను నేను అక్కడికే తీసుకువెళ్తున్నాను.

జబ్బను ఎంచుకోవడంలోనే ఆవిడ అనుభవం కనిపిస్తుంది. తొడ చూడటానికి నిండుగా ఉంటుంది గాని, కొవ్వు తక్కువ కావడం వల్ల కాస్త ఆదమరిస్తే పొడిబారుతుంది. జబ్బలో కీళ్ల చుట్టూ నారలూ పొరలూ ఎక్కువ. లోపలి వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటి గంటలకొద్దీ నిలిస్తే అవి కరిగి జిగురుగా మారి, మాంసాన్ని మెత్తగా, తడిగా ఉంచుతాయి. అదే జబ్బను పెద్దమంట మీద హడావిడిగా వండితే రబ్బరులా సాగుతుంది. అందుకే హండీని సన్నని బొగ్గు నిప్పుల మీద మూడు గంటలకు పైగా ఉంచుతారు. అసలు రోస్టు ఆ తర్వాతే మొదలవుతుంది: బయటికి తీసిన జబ్బను తడి ఆరనిచ్చి, ఇనుప పెనం మీద నేతితో అన్ని వైపులా ఎర్రగా కాలుస్తారు. పైన తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అది ఆరి సుమారు 140 డిగ్రీలకు చేరితేనే ఆ రంగూ, ఆ కమ్మని వాసనా పుడతాయి. రోస్టు పేరుతో బయట అమ్మే వంటకాల్లో చాలావరకు ఈ పని మానేసి, కూరనే కాస్త ఇగిర్చి, పైన మిరియాలపొడి చల్లి ఇచ్చేవే. ఆకలితో మేము తొందరపెడితే, "ముక్క ఇంకా ఎముకను వదల్లేదు బాబూ, అరగంట కూర్చోండి" అని ఆవిడ మూత తీయడానికే ఒప్పుకోలేదు.

అడ్డాకులో చుట్టి నిప్పుల్లో కాల్చిన నాటుకోడి మాత్రం ఆ స్థాయిలో లేదు. ఆకు వాసన బాగానే పట్టింది గాని, కోడి ముదురుది కావడంతో రొమ్ము ముక్కలు పిప్పిగా ఉన్నాయి.

అన్నం విషయంలో నాకు ఆ ఇంటివారితో పేచీ ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కోరాపుట్ కాలాజీరా బియ్యాన్ని వారు గొప్పగా వండి పెడతారు, పొట్టి గింజలూ పొడిపొడిగానే ఉంటాయి. అయితే అంత సువాసన గల అన్నాన్ని ఇంత ఘాటైన మసాలా పక్కన పెడితే దేని రుచీ నిలవదు. ఆ బియ్యం పాయసానికి పనికొచ్చేది. రోస్టుకు తోడుగా చోడి (రాగి) సంకటి కావాలని ముందే చెప్పి, హండీ అడుగున మిగిలిన ఊటను దానిమీద పోయించుకోవడం నా లెక్కలో సరైన పద్ధతి. గుమ్మడి, అరటికాయ వేసి వండే ఒడియావారి పప్పు, దాల్మా, కారం తినని పిల్లలకు చక్కగా సరిపోతుంది.

నలుగురికి చాలే జబ్బతో భోజనానికి రెండు వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది, జబ్బ బరువును బట్టి ధర మారుతుంది. మాంసం ధర, బొగ్గు, పట్టే సమయం చూస్తే అది ఎక్కువేమీ కాదు. గది ఇరుకు, నేలమీద పీటలు వేసి కూర్చోబెడతారు గనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వస్తుంటే కుర్చీలు వేయమని ముందే అడగాలి. ఆరుగురికి మించితే రెండు జబ్బలు చెప్పడం మంచిది. మిగిలిన ఎముకలతో మిరియాల చారు కాచి గిన్నెలో పోసి ఇస్తారు గాని, ఆ గిన్నె మనమే తీసుకువెళ్లాలి.