ఉంటే, ఉంటేనే: ఎల్‌శాట్ పాత పేపర్లతో 14 నెలలు

మాది ఆకివీడు దగ్గర ఊరు. నాన్నకి రొయ్యల చెరువులు. నేను క్లాట్, అంటే మన దేశంలో లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష, రెండుసార్లు రాశాను. మొదటిసారి నన్ను ముంచింది లాజికల్ రీజనింగ్, అందులోనూ ఒకే రకం ప్రశ్నలు: ఇచ్చిన పేరాని బట్టి కింది వాటిలో ఏది తేలుతుంది అని అడిగేవి. ఇన్ఫరెన్స్ ప్రశ్నలంటారు. నేను చేరిన కోచింగ్‌లో ఇన్ఫరెన్స్ అంటే "ఊహ" అని చెప్పారు. ఊహ అన్నారు కదా అని బుద్ధిగా ఊహించుకుంటూ పోయాను. ఆ ఒక్క మాట ఖరీదు నాకు ఒక సంవత్సరం.

రెండో ప్రయత్నానికి ముందు, ఎల్‌శాట్ పాత పేపర్లు పది కలిపి అచ్చేసిన పుస్తకం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఎల్‌శాట్ అంటే అమెరికాలో లా కాలేజీల ప్రవేశ పరీక్ష. 14 నెలలు వాడాక, అట్ట ఊడి రబ్బరు బ్యాండుతో కట్టుకునే దశలో ఈ సమీక్ష రాస్తున్నాను. అందులోని ఇన్ఫరెన్స్ ప్రశ్నల గురించే రాస్తాను, మిగతాది నేను అంతగా వాడలేదు. పాత పేపర్లలో లాజిక్ గేమ్స్ అని ఒక విభాగం ఉంటుంది. దాన్ని 2024 ఆగస్టు నుంచి పరీక్షలోంచే తీసేశారు, క్లాట్‌కి కూడా అక్కర్లేదు. ఆ పేజీల వెనక రఫ్ వర్క్ చేసుకున్నాను.

ప్రశ్నలు చిన్నవి. నాలుగైదు వాక్యాల పేరా, దాని కింద ఒకటే ప్రశ్న, ఐదు ఆప్షన్లు. పేరాలో చెప్పింది నిజమని ఒప్పుకోవాలి, దానితో వాదించకూడదు. ఒప్పుకున్నాక ఇంకేది ఒప్పుకోక తప్పదో అదే జవాబు. ఈ "తప్పదు" అనే మాట నాకు ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. అది కూడా పుస్తకం వల్ల కాదు, చెరువు వల్ల.

ఒకరోజు తెల్లవారుజామున చెరువు మీద ఉండే మనిషి ఫోన్ చేశాడు. "రొయ్య తేలిందండీ, తొందరగా రండి." అంటే నీటిలో ఊపిరాడక పైకి వచ్చేసిందని. నాన్న మంచం దిగుతూనే కేకలు. "కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలని తెలీదూ? నిద్రపోయావా?" అవతల నుంచి అతను "కరెంటు పోలేదండీ, ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి" అంటున్నాడు. ఏరేటర్లంటే చెరువు నీటికి గాలి అందించే మిషన్లు. తీరా చూస్తే మూడు రోజులుగా మబ్బు, నీటిలో బ్లూమ్ (పచ్చటి నాచు) పడిపోయింది, ఆక్సిజన్ తగ్గింది. నాన్నకి తెలిసిన సంగతి ఏమిటి? రాత్రంతా ఏరేటర్లు ఆగితే రొయ్య తేలుతుంది. అది నిజమే. రొయ్య తేలింది, అదీ నిజమే. కానీ ఆ రెండూ కలిపి "ఏరేటర్లు ఆగాయి" అనడానికి లేదు. రొయ్య తేలకపోతే మాత్రం, ఏరేటర్లు రాత్రంతా ఆగలేదని ధైర్యంగా చెప్పొచ్చు. ఎల్‌శాట్ వాళ్లు పదే పదే పెట్టే ఉచ్చు సరిగ్గా ఇదే. మొదటి మూడు పేపర్లలో నేను తప్పు చేసినవి తిరగేస్తే సగం నాన్న తిట్టిన తిట్లలాగే ఉన్నాయి.

అక్కడి నుంచి ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చుకోవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఇఫ్, ఓన్లీ ఇఫ్, అన్‌లెస్ మూడూ చూస్తే నాకు టెన్షన్. తెలుగులో ఒక్క "నే"తో పని అయిపోతుంది. "పాస్ ఉంటే లోపలికి పంపిస్తారు" అంటే పాస్ ఉన్నవాళ్లంతా లోపలికి వెళతారు, లేనివాళ్ల సంగతి చెప్పలేదు. "పాస్ ఉంటేనే పంపిస్తారు" అంటే లోపల ఉన్నవాళ్లందరి దగ్గరా పాస్ ఉంది, కానీ పాస్ ఉన్న ప్రతివాణ్నీ పంపిస్తారన్న హామీ లేదు. చిన్నప్పటి నుంచీ వాడుతున్నదే, ఏది ఉంటే ఏది తేలుతుందో ఎప్పుడూ చూసుకోలేదంతే. అన్‌లెస్ వస్తే "లేనిదే" అనుకుంటాను. నిప్పు లేనిదే పొగ రాదు.

ఈ సామెత మా వీధి చివర రిటైరైన సంస్కృతం మాస్టారి దగ్గర అన్నప్పుడు ఆయన నవ్వారు. "పొగ ఉంటే నిప్పుంది, సరే. నిప్పుంటే పొగ ఉండాలంటావా అమ్మాయ్? ఎర్రగా కాలిన ఇనప గుండుకి పొగేదీ?" తర్కశాస్త్రంలో ఇది పాత ఉదాహరణేనట. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చడాన్ని వాళ్లు "అనుమానం" అంటారు. మనకేమో ఆ మాటకి అర్థం సందేహంగా మారిపోయింది. కోచింగ్‌లో ఊహకి బదులు ఆ పాత అర్థం చెప్పి ఉంటే బాగుండేది.

ఆప్షన్లు పరీక్షించే పద్ధతి ఒకటి నాకు బాగా పనిచేసింది. ఆప్షన్ అబద్ధమనుకోవాలి. అప్పుడు పేరాతో గొడవ వస్తే అదే జవాబు. మనకు తెలిసిన లెక్కతో నేను రాసుకున్న నమూనా ఇది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇప్పుడు మట్టం 14 అడుగులు, ఇంకా పెరుగుతోంది. ఏది తేలుతుంది? రాత్రికి మూడో హెచ్చరిక వస్తుందనా, లంక గ్రామాలకు దారులు మునుగుతాయనా, మూడో హెచ్చరిక మట్టానికి ఇంకా మూడున్నర అడుగులకు పైగా ఉందనా? గోదావరి వరద చూసినవాళ్లెవరైనా రెండోది పెట్టేస్తారు. నేనూ పెట్టేదాన్నే. అది నిజం కావచ్చు కూడా, కానీ పేరాలో లంకల మాటే లేదు. మూడోది అబద్ధమనుకుంటే మట్టం 14 అన్న మాటకే ఎసరొస్తుంది. జవాబు ఆ చప్పటి కూడికలు తీసివేతల వాక్యమే. ఇన్ఫరెన్స్ జవాబులు చాలాసార్లు ఇలా ఉప్పూకారం లేకుండానే ఉంటాయి.

అయితే ఈ పద్ధతి "మస్ట్ బి ట్రూ" అని అడిగినప్పుడే గట్టిగా నిలుస్తుంది. "మోస్ట్ స్ట్రాంగ్లీ సపోర్టెడ్" అంటే పేరా ఎక్కువ బలం ఇచ్చేది చాలు, పూర్తిగా రుజువు కానక్కర్లేదు. రెండూ ఒకటేనని నాకు నేర్పారు. కావు.

"ఆల్, నెవర్, ఓన్లీ లాంటి మాటలున్న ఆప్షన్ కొట్టేయండి" అన్న చిట్కా కూడా నమ్మకండి. పేరాలోనే "ఒక్కటీ లేదు" అని ఉంటే జవాబులోనూ గట్టి మాట ఉండొచ్చు. ఆ చిట్కాతో ఒకే పేపర్‌లో రెండు సరైన జవాబులు కొట్టేశాను. ఇక మోస్ట్ (సగానికి మించి), సమ్ (కనీసం ఒకటి) లెక్కలు చెప్పేంత కష్టమైనవేం కావు. వీధిలో సగానికి మించిన ఇళ్లలో కొబ్బరిచెట్టు, సగానికి మించిన ఇళ్లలో గేదె ఉంటే, రెండూ ఉన్న ఇల్లు కనీసం ఒకటి ఉండి తీరుతుంది. అంతే.

ఇప్పుడు నష్టాలు. క్లాట్ కోసం దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బతింటారు. ఎల్‌శాట్‌లో ఒక్కో విభాగంలో 35 నిమిషాలకి పాతిక ప్రశ్నలు, క్లాట్‌లో మొత్తం 120 నిమిషాలకి 120. క్లాట్ పేరా పొడుగు, ఒక్కోదాని కింద వరసగా కొన్ని ప్రశ్నలు, ఆప్షన్లు నాలుగు. ఎల్‌శాట్‌లో తప్పుకి మార్కు పోదు, క్లాట్‌లో 0.25 పోతుంది. అన్నిటికంటే ఇబ్బంది ఇంకొకటి. క్లాట్‌లో "ఇన్ఫర్" అన్న మాట కాస్త వదులుగా వాడతారు, రచయిత ఉద్దేశం ఏమిటన్నంత వరకూ వెళతారు. ఎల్‌శాట్ చాదస్తం తలకెక్కి నేను మాక్ టెస్టుల్లో నాలుగు ఆప్షన్లూ "రుజువు కాలేదు" అని కొట్టేసి గడియారం వంక చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. చివరి మూడు నెలలు పుస్తకం పక్కన పెట్టి క్లాట్ పాత పేపర్లు మాత్రమే చేశాకే చెయ్యి కుదురుకుంది.

ఇంకోటి, పుస్తకం వెనక జవాబు అక్షరాలే ఉన్నాయి, వివరణ లేదు. మొదట విసుక్కున్నాను. తర్వాత ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో నేనే తెలుగులో రాసుకోవడం అలవాటైంది. ఒక్కో ప్రశ్నకి పావుగంట పట్టేది. ఎల్‌శాట్ నడిపే సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా కొన్ని పేపర్లు ఉన్నాయి, ముందు అవి చేసి చూడండి. చందా కడితే చాలా వస్తాయిగానీ ఏడాదికి వంద డాలర్ల పైమాటే. క్లాట్ పిల్లలకి అంత అక్కర్లేదు. ఇంగ్లీషు పేరా చదవడమే కష్టంగా ఉన్నవాళ్లు దీని జోలికి అసలు వెళ్లొద్దు, ముందు రోజూ ఒక ఎడిటోరియల్ చదవండి.

రెండోసారి రాసిన క్లాట్‌లో లాజికల్ రీజనింగ్ విభాగంలో నా తప్పులు 11 నుంచి 4కి తగ్గాయి. ఆ నాలుగింటిలో రెండు ఇన్ఫరెన్స్‌వే.

పుస్తకం ఇప్పుడు మా పెద్దమ్మ మనవడికిచ్చాను. పెన్సిల్ గుర్తులు చెరిపేశాను. మొదటి మూడు పేపర్లు మాత్రం పెన్నుతో చేశాను, అవి వాడికి పనికిరావు.