ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకున్న ట్యాంకు కంట్రోలర్

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఇల్లు కొనుక్కున్నవాళ్లు సముద్రపు గాలితో పాటు తుప్పునూ కొనుక్కుంటారు. మా అపార్ట్‌మెంటులో గేటు బందుల దగ్గర నుంచి ఏసీ బయటి యూనిట్ల దాకా దానికి లొంగనిది లేదు. ట్యాంకు నిండగానే మోటారు ఆపే కంట్రోలర్ల గతీ అంతే. బజారులో కొన్నవి రెండో వానాకాలం చూడకుండానే మూలపడ్డాయి. అందుకే మర్రిపాలెంలో ఒక రిటైరైన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గారు మేడ మీది గదిలో సొంతంగా తయారుచేసి అమ్ముతున్న డబ్బా గురించి విని, అసోసియేషన్ కార్యదర్శిగా ఒకటి తెప్పించాను. కడ్డీలతో కలిపి ₹4,800. బిగింపు ఖర్చు వేరు. బజారు ధరతో పోలిస్తే ఎక్కువే. కమిటీలో ఇద్దరు ముఖం చిట్లించారు కూడా. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అసలు తెలివంతా ట్యాంకులో వేలాడే కడ్డీల్లో ఉంది. చౌక కంట్రోలర్లు వాటి మధ్య ఎప్పుడూ ఒకే దిక్కుగా డీసీ కరెంటు పంపుతాయి. నేను ఇంటర్ పిల్లలకు చెప్పే విద్యుద్విశ్లేషణ పాఠమే అక్కడ రాత్రింబవళ్లు నడుస్తుంది. ఒక కడ్డీ తినుకుపోతుంది, రెండోదాని మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. పొర మందమయ్యాక, నీళ్లు కడ్డీని ముంచెత్తినా యంత్రానికి తెలియదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కింద పార్కింగులో స్కూటర్లు స్నానం చేస్తుంటాయి. ఈయన డబ్బా కరెంటును ఆగకుండా పంపదు. నీటిమట్టం చూడాల్సిన క్షణంలోనే చిన్న విడతలుగా, ప్రతిసారీ దిక్కు మార్చి పంపుతుంది. కడ్డీలు కూడా మామూలుగా దొరికే 304 రకం కాదు, 316 స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పులోని క్లోరైడ్ల వల్ల తొందరగా గుంటలు పడవు. మొన్న ట్యాంకు కడిగించినప్పుడు పైకెక్కి చూశాను. గుడ్డతో తుడిస్తే పాచి పోయి, కింద కడ్డీ నున్నగా మెరిసింది.

తన సొంత ఆవిష్కరణ అని ఆయన చెప్పుకొనేది ఇంకొకటి. మోటారు వేసే ముందు డబ్బా కడ్డీల నిరోధాన్ని కొలిచి, కొత్తలో గుర్తుపెట్టుకున్న విలువతో పోల్చుకుంటుంది. తేడా హద్దు దాటితే పసుపు దీపం వెలుగుతుంది. అంటే కడ్డీలు తుడవమని అర్థం. నీళ్లు పొర్లాక మొత్తుకోవడం కాకుండా, పొర్లక ముందే చెప్పే యంత్రం నేనింతకుముందు చూడలేదు. దీనికి పేటెంటు వస్తుందా అన్నది పరిశీలించే అధికారులు తేల్చాలి. నా మట్టుకు నాకు ఆ దీపం వల్ల వాచ్‌మన్‌తో గొడవలు తగ్గాయి.

సంపులో నీళ్లయిపోయినప్పుడు మోటారు ఆగడం కూడా బాగా పనిచేస్తోంది. పంపు ఖాళీగా తిరిగితే లాగే కరెంటు తగ్గుతుంది. డబ్బా దాన్ని పట్టుకుని ఆపేస్తుంది. మా ఒకటిన్నర హార్స్‌పవర్ మోనోబ్లాక్ పంపుకు సీలు మార్చే ఖర్చు ఈ ఏడాది తగల్లేదు.

ఇక లోపాలు. తెల్లవారుజామున ట్యాంకు నిండగానే మోగే బజరు మొదటి అంతస్తు దాకా వినిపిస్తుంది. శబ్దం తగ్గించే ఏర్పాటు లేదు. వాడే విధానం కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మీటలు నొక్కేది వాచ్‌మన్ అయినప్పుడు ఆ కాగితం ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. అన్నిటికన్నా పెద్దది, వైరు వెళ్లే రంధ్రం కింద తెరిచే ఉండటం. ఉప్పుగాలికి బోర్డు మీద వార్నిష్ పూత వేసిన మనిషి చీమల్ని మరిచిపోయారు. వేసవిలో అవి బారులుగా లోపలికి దూరి, మోటారును వేసి ఆపే స్విచ్ అయిన రిలే కొనల మధ్య నలిగి, మోటారు ఆన్ కాకుండా చేశాయి. ఫోను చేస్తే పెద్దాయన కాశీలో ఉన్నారు.

ఇంటి పరిశ్రమల దగ్గర నా భయం సరిగ్గా ఇదే. చేసే చేయి ఒక్కటే అయినప్పుడు, ఆ చేయి ఊళ్లో లేకపోతే మన గతేమిటి? అయితే ఇక్కడ డబ్బా మూత తీస్తే లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అతికించి ఉంది. ప్రతి విడిభాగం పక్కన దాని నంబరు ఉంది. చాలామంది తయారీదారులు చిప్పుల మీది అంకెలను గీకేస్తారు, ఎవరూ నకలు తీయకూడదని. ఈయన ఆ పని చేయలేదు. పెదవాల్తేరు ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆ బొమ్మ చూసి, ఊళ్లో దొరికే మామూలు రిలే తెచ్చి అదే సాయంత్రం మార్చేశాడు. అప్పటిదాకా మాన్యువల్ స్విచ్‌తో నడుపుకున్నాం.

తిరిగొచ్చాక పెద్దాయన స్వయంగా వచ్చి రంధ్రానికి సన్నని జాలీ బిగించారు, డబ్బులు తీసుకోలేదు. అంత బాహాటంగా బొమ్మ ఎందుకు అతికించారని అడిగాను. "పేటెంటు దరఖాస్తులో అంతా రాసే ఇచ్చానమ్మా, ఇక్కడ దాచి ఏం లాభం?" అన్నారు. నిజమే. వివరం బయటపెట్టినందుకే కదా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు ఇస్తారు. అమ్మకం మొదలుపెట్టక ముందే చెన్నై పేటెంటు కార్యాలయానికి తాత్కాలిక వివరణ పంపి, 12 నెలల గడువులోపు పూర్తి వివరణ ఇచ్చారట. ముందే అమ్మేస్తే కొత్తదనం పోయి దరఖాస్తే చెల్లకపోవచ్చు. ఇంట్లో ఏదైనా కనిపెట్టి వెంటనే బంధువులకు అమ్మేసేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆయన దగ్గర నేర్చుకోవాలి. చిన్న పరిశ్రమలకు ఉండే ఉద్యమ్ నమోదు కూడా తనే చేసుకున్నారు. ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం. అయినా దానికి డబ్బులు గుంజే ఏజెంట్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు.

బిల్లు విషయం కొనేముందు తెలుసుకోండి. ఆయనకు జీఎస్టీ నమోదు లేదు. ఆంధ్రప్రదేశ్ లోపలే సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు ₹40 లక్షలు దాటేదాకా అక్కర్లేదు కాబట్టి అది తప్పేమీ కాదు. చేత్తో రాసిన బిల్లు, వారంటీ కార్డు ఇస్తారు. మా అసోసియేషన్ లెక్కలు చూసే ఆయన గొణిగినా ఒప్పుకున్నారు. బరంపురంలో ఉన్న మా చెల్లెలు తనకూ ఒకటి పంపమంటే మాత్రం పెద్దాయన కుదరదన్నారు. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి. "ఆ లెక్కలు పెట్టుకుంటే డబ్బాలు ఎవరు చేస్తారు?" అని పెద్దాయన భార్య (బిల్లులు రాసేది ఆవిడే) ఫోనులోనే తేల్చి చెప్పారు. చెల్లెలికి కోపం వచ్చింది, నాకు మాత్రం ఆవిడ నచ్చారు.

త్రీఫేజ్ మోటార్లకు ఇంకా చేయడం లేదు, పెద్ద అపార్ట్‌మెంట్లవాళ్లు ఆగాల్సిందే. సింగిల్ ఫేజ్ అయితే, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లయితే, కొనండి. సాయంత్రం ఫోను చేస్తేనే ఎత్తుతారు. చేసే ముందు మోటారు హార్స్‌పవర్, ట్యాంకు నుంచి స్టార్టరు దాకా వైరు పొడవు కొలిచి పెట్టుకోండి. ఆ రెండూ చెప్పనివాళ్లకు ఆవిడ ధర కూడా చెప్పరు.