వంపు జింక కొమ్ముతో పెన్ను: ఉడకబెట్టి సరిచేయాలా, ముక్కలుగా కోయాలా?

అమెరికాలో రాలి దొరికే జింక కొమ్ము వంకరగా ఉంటుంది. పెన్ను చేయాలంటే దానికి రంధ్రం చేసి లోపల ఇత్తడి గొట్టం దించాలి, ఆ గొట్టమేమో తిన్నగా ఉంటుంది.

ఉడకబెట్టి క్లాంపులో బిగిస్తే: ఖర్చు లేదు, ఓపిక కావాలి. ఆరాక మళ్లీ కొంత వంగొచ్చు. తడి మిగిలితే లేతు (తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పగిలే టెన్షన్. ఇల్లంతా వాసన.

పొట్టి ముక్కలు కోస్తే: కొంత వృథా. కానీ 7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి సరిపడే ముక్కలో వంపు పెద్దగా తెలియదు. రెండు చివర్లా మధ్య గుర్తు పెట్టి, నిదానంగా డ్రిల్ చేస్తూ, మధ్యమధ్యలో పొడి తీయాలి. లోపలి గుల్ల భాగానికి పల్చటి సూపర్ గ్లూ పట్టించండి. మాస్కు తప్పనిసరి.

పైనా కిందా వేర్వేరు ముక్కలుండే రెండు గొట్టాల పెన్నుకి కోతే మంచిది. ఒకే పొడవాటి గొట్టమైతే, కాస్త వంపున్న లావు కొమ్మును ఉడకబెట్టి చూడొచ్చు. వంపు మరీ ఎక్కువైతే దాన్ని పెన్నుకి వాడకండి.

ఇండియాలో ఉన్నవాళ్లకు రెండూ కుదరవు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పి, కణుజు కొమ్ములు రాలినవైనా ఇంట్లో ఉంచుకోకూడదు.