ఫెస్టా, గాస్టా? అమెరికన్ టెనర్‌కి ఏది మేలు?

ఒపేరా మాట ఎత్తితే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలో చదువు ముగించి యూరప్ వచ్చిన టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు గాయకుడు) జర్మనీలో ఏదో ఒక థియేటర్‌లో ఫెస్ట్ కాంట్రాక్టు మీద, అంటే నెల జీతపు ఉద్యోగిగా చేరాలా, లేక గాస్ట్‌గా, అంటే అతిథి గాయకుడిగా ఊరూరా తిరిగి పాడాలా? చాలామంది డబ్బు లెక్కేసి తేల్చేస్తారు. నేను మాత్రం గొంతు బాగాలేని రోజు ఏమవుతుందో ముందు చూస్తాను.

ఫెస్ట్‌లో ఉన్నవాడిది నెల జీతం. జలుబు చేస్తే డాక్టర్ చీటీ పంపి ఇంట్లో పడుకోవచ్చు. గాస్ట్‌కి ప్రదర్శనకి ఇంత అని ఫీజు, పాడితేనే చేతికొస్తుంది. వారాల తరబడి రిహార్సల్స్ చేసి, తీరా ఆ రాత్రికి గొంతు పట్టేస్తే ఫీజు పోయినట్టే. అద్దె గది, రైలు టికెట్లు, ఏజెంట్ కమిషన్ అన్నీ అందులోంచే కట్టాలి. అందుకే వాచిన గొంతుతోనే స్టేజి ఎక్కేస్తారు. పుచ్చీని ఒపేరా ‘లా బోయెమ్’ మొదటి అంకంలో నాయకుడు రుడోల్ఫో అందుకునే పై సి (టెనర్ పాటల్లో బాగా ఎత్తైన స్వరం) దగ్గర స్వరతంత్రులు సెకనుకి 520 సార్లకు పైగా కొట్టుకుంటాయి. వాపు మీద ఆ పని చేయిస్తే లోపల రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. అప్పుడు పోయేది ఒక్క రాత్రి ఫీజు కాదు, నెలల పని.

ఒకసారి జర్మనీలో ఒక చిన్న ఊరి థియేటర్‌కి వెళ్తే, టెనర్‌కి ఒంట్లో బాగాలేదని తలుపు మీద కాగితం అంటించి ఉంది. మధ్యాహ్నం రైలు దిగి వచ్చిన ఇంకో గాయకుడు స్టేజి పక్కన స్టాండు ముందు నిలబడి పాడాడు. అసిస్టెంట్ డైరెక్టర్ వేషం కట్టి పెదాలు కదిపాడు. ఆ వచ్చినాయన ప్రతి విరామంలో ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క తాగడం, గొంతు మీద చేయి వేసుకోవడం నాకింకా కళ్లముందే ఉంది. ఆయన ‘ఈరోజు రాలేను’ అనగలిగే స్థితిలో ఉన్నాడా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

2020 మార్చిలో థియేటర్లు మూతపడినప్పుడు ఈ తేడా అందరికీ కనిపించింది. జర్మనీలో ఫెస్ట్ వాళ్లకి జీతంలో చాలా భాగం అందుతూనే ఉంది, గాస్ట్‌ల డైరీలు మాత్రం రాత్రికి రాత్రే ఖాళీ అయ్యాయి.

ఫెస్ట్‌లో కష్టాలు లేవని కాదు. మంగళవారం ఆపెరెట్టా, శుక్రవారం మోజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’లో నాయకుడు టమినో, మధ్యలో పొద్దున్నే స్కూలు పిల్లల ప్రదర్శన. లిరిక్ (తేలికైన, మృదువైన) గొంతుకి బరువైన పాత్ర అంటగడితే కుర్రాడు కాదనలేడు. పైగా కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగించేదే. సాధారణంగా అక్టోబరు 31 లోపు ‘వచ్చే సీజన్‌కి వద్దు’ అని చెప్పేయవచ్చు. కొత్త ఇంటెండెంట్ (థియేటర్ అధిపతి) వచ్చే ఏడాది ఆ టెన్షన్ మరీ ఎక్కువ. అదే గాస్ట్ అయితే తన పాత్రలు తనే ఎంచుకుంటాడు. నిజంగా పెద్ద సుఖమే, కానీ అడిగేవాళ్లు వరస కట్టాక వచ్చే సుఖం అది.

అమెరికాలోనే ఉండిపోవడం మూడో దారి, కానీ అక్కడ అవకాశాలు తక్కువ. కోరస్ ఉద్యోగం భద్రమైనదే, సోలో పాడాలనుకునేవాడికి సరిపోదు.

అమెరికన్ టెనర్ జేమ్స్ మెక్‌క్రాకెన్ 1953లో న్యూయార్క్ మెట్‌లో (మెట్రోపాలిటన్ ఒపేరాలో) అదే ‘లా బోయెమ్’లో బొమ్మలమ్మేవాడి చిన్న పాత్రతో మొదలుపెట్టాడు. 1957లో అది వదిలి బాన్‌కి, తర్వాత జ్యూరిక్‌కి వెళ్లాడు. 1963లో అదే మెట్‌లో వెర్డి ఒపేరా ప్రధాన పాత్ర ఒటెల్లోగా నిలబడ్డాడు. అలబామాలో పుట్టిన టెనర్ జీన్ కాక్స్ 1959 నుంచి జర్మనీలోని మాన్‌హైమ్ థియేటర్‌ని ఇల్లు చేసుకుని, వాగ్నర్ ఒపేరాల ఉత్సవం జరిగే బైరాయిట్‌కి వెళ్లి జీగ్‌ఫ్రీడ్ పాత్ర పాడి వచ్చేవాడు. నాకు నచ్చిన దారి ఆయనదే.

కాబట్టి మొదటి నాలుగైదేళ్లు మధ్యరకం థియేటర్‌లో ఫెస్ట్‌గా చేరమనే చెబుతాను. సంతకం పెట్టేముందు తన ఫాఖ్ (గొంతుకి తగ్గ పాత్రల వర్గం) ఏమిటో, బయట పాడటానికి ఎన్ని రోజులు సెలవిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. తర్వాత గాస్ట్‌గా వెళ్లాలనుకుంటే మూడు నెలల అద్దె బ్యాంకులో వేసుకునే వెళ్లాలి. జలుబు చేసిన రోజు ఫోన్ తీసి ‘రాలేను’ అని చెప్పగలగాలి కదా.